హనుమకొండల గ్రామఫోన్ చూసిన: అసలుదా, అతుకులదా? ఎట్ల పోల్చాలె?

ప్రశ్న: కాజీపేట_పాతపాట

అందరికి నమస్తే. హనుమకొండల ఒక పాత సామాన్ల దుకాణంల గ్రామఫోన్ అమ్మకానికి ఉన్నది. ఎనిమిది మూలల చెక్క పెట్టె, మీద పూరేకుల ఇత్తడి బాకా, ముంగట ఇత్తడి పలక మీద కుక్క బొమ్మ. 32 వేలు చెప్తున్నడు, గట్టిగ అడిగితే 27కు దిగేటట్టున్నడు. "జగిత్యాల దిక్కు ఒక గడీల నుంచి వచ్చింది, 130 ఏండ్లది" అంటున్నడు. ఒక రికార్డు పెట్టి వినిపించిండు. మోగింది గని గొంతు మరీ సన్నగ, రేకు డబ్బాల నుంచి మాట్లాడినట్టు ఉన్నది. పాట ఆఖరుకు వచ్చేసరికి సాగదీసినట్టు అయింది.

ఇంట్ల తాతల నాటి 78 రికార్డులు (నిమిషానికి 78 చుట్లు తిరిగేటియి) ఒక పెట్టెడు ఉన్నయి. ఎక్కువ నాటకం పద్యాలు, కొన్ని హరికథలు. వాటిని వినుడు కోసమే కావాలె, షోకేసుల పెట్టుకోను కాదు. దుకాణంల నిలబడి ఒక పావుగంటల ఏమేం చూడాలె? వెంట ఏం పట్టుకపోవాలె? పెట్టె విప్పి చూపియ్యమంటే వాడు ఒప్పుకోకపోతే ఏం చెయ్యాలె? తెలిసినోళ్లు జర వివరంగ చెప్పుండ్రి.


జవాబు 1: స్ప్రింగు_గవర్నర్ (వరంగల్)

ముందు ఆ 130 ఏండ్ల మాట తీసుకుందాం. 130 ఏండ్లంటే 1890ల దాకా పోతది. ఎమిల్ బెర్లినర్ గ్రామఫోన్‌కు పేటెంటు తీసుకున్నది 1887లో. తొలి మిషన్లు చేత్తో తిప్పేవి. ఎల్డ్రిడ్జ్ జాన్సన్ స్ప్రింగు మోటారు బెర్లినర్ మిషన్లకు వచ్చింది 1896లో. అప్పటికి టోన్ ఆర్మ్ (సౌండ్‌బాక్సును బాకాకు కలిపే కదిలే గొట్టం) అన్నదే లేదు, సౌండ్‌బాక్సు (ముల్లు కదలికను శబ్దంగా మార్చే గుండ్రటి డబ్బీ) నేరుగా బాకా సన్నకొసకు తగిలించి ఉండేది, పాట జరుగుతున్నకొద్దీ బాకా మొత్తం జరిగేది. సౌండ్‌బాక్సు నుంచి వెనకకు పోతూ వెడల్పయ్యే బోలు ఆర్మ్ 1903 తర్వాతి సంగతి. పూరేకుల పెద్ద బాకాలు ఇంకా ఆ తర్వాత. కాబట్టి వెనక బ్రాకెట్టు మీద పూరేకుల బాకా, ముంగట ఆర్మ్ ఉన్న మిషను 1890లది కానే కాదు. దుకాణపాయనకు సంవత్సరం తెలియక అట్ల చెప్పి ఉండొచ్చు, ఆ ఒక్క మాటతోటి మిషను నకిలీ అని తేల్చలేం. గడీ కథను మాత్రం లెక్కల నుంచి తీసెయ్యండి. నిజాం కాలం, దొర గడీ, సంస్థానం అన్న మాటలకు కాయితం సాక్ష్యం ఉంటేనే విలువ.

పలక మీది అక్షరాలు చదవండి. 1900 చివర నుంచి 1907 దాకా ఆ కుక్క బొమ్మ కంపెనీ (గ్రామఫోన్ కంపెనీ) పేరు గ్రామఫోన్ అండ్ టైప్‌రైటర్ లిమిటెడ్. ఇంగ్లండులో హేస్ ఫ్యాక్టరీకి పునాది పడ్డది 1907లో. "హిజ్ మాస్టర్స్ వాయిస్" కుక్క బొమ్మ రికార్డుల లేబుల్ మీదికి వచ్చింది 1909లో, అంతకుముందు లేబుల్ మీద ఉన్నది రాస్తున్న దేవదూత బొమ్మ. ఈఎంఐ (ఆ కంపెనీ తర్వాత కలిసిన పెద్ద సంస్థ) అన్న పేరు పుట్టింది 1931లో. పలక మీద 1904 అని కొట్టి పక్కన హేస్ అని ఉంటే ఆ పలక తర్వాత ఎవరో చేయించింది. మాస్టర్స్ అన్న మాటలో ఆఖరి "ఎస్"కు ముందుండే పైకామా ఉందో లేదో చూడండి. కొత్త పలకల్లో చాలావాటికి అది ఉండదు, అక్షరాల మధ్య ఎడం కూడా ఒక తీరు ఉండదు. అసలు మిషన్లలో కుక్క బొమ్మ ఎక్కువగా చెక్క మీద అంటించిన ట్రాన్స్‌ఫర్ బొమ్మే. రెండంగుళాల ఇత్తడి పలకను నాలుగు మేకులతో ముంగట కొట్టారంటే అనుమానించాల్సిందే.

ఎనిమిది మూలల పెట్టె ఇంకో గుర్తు. గ్రామఫోన్ కంపెనీ బాకా మిషన్ల పెట్టెలు చాలావరకు నాలుగు మూలలవే. ఇత్తడి బాకాతో ఎనిమిది మూలల పెట్టె మన దేశంలో అలంకారం కోసం కొత్తగా చేస్తున్న సరుకులో మామూలుగా కనిపించేది.

ఇంతదాకా పైపై చూపు. అసలు సంగతి మోటారు బోర్డు (రికార్డు తిరిగే పళ్లెం కింది చెక్క పలక) కింద ఉంటది. చిన్న టార్చి, అయస్కాంతం, 6 అంగుళాల స్టీలు స్కేలు, నున్నటి తెల్లగుడ్డ, చదును మొన స్క్రూడ్రైవరు, ఫోను, అంతే సామాను. పోయేముందే "బోర్డు లేపి చూపిస్తేనే బేరం" అని ఫోనులో చెప్పండి. మోటారు మంచిదైతే చూపెట్టడానికి ఎవరికీ అడ్డం ఉండదు. చూపియ్యను అంటే అలంకారం ధరకే మాట్లాడండి.

విప్పేముందు స్ప్రింగు పూర్తిగా దిగేదాకా పళ్లెం తిరగనియ్యాలి. ఇది మరిచిపోవద్దు. కీ ఎక్కి ఉన్నప్పుడు గవర్నరు (వేగం ఒక్కతీరుగా నిలిపే భాగం) గాని దాని పళ్లచక్రం గాని వదులైతే స్ప్రింగుకు పట్టు పోయి మొత్తం ఒక్కసారిగా విడుస్తది. పళ్లు విరుగుతయి, వేలు నడుమ ఉంటే వేలూ పోతది. పళ్లెం తియ్యడానికి ముందు నడి ఇరుసు మీద చిన్న క్లిప్పు ఉందేమో చూడండి. క్లిప్పు లేకపోతే పళ్లెం అంచును రెండు చేతులతో మెల్లగా పైకి పట్టాలి, ఇంకొకరు ఇరుసు తలమీద చెక్కముక్కతో చిన్నగా తట్టాలి. సుత్తితో నేరుగా కొట్టనియ్యొద్దు.

బోర్డు లేచినంక మొదట చూడాల్సింది రంధ్రాలు. మోటారును పట్టే బోల్టులు మూడో నాలుగో ఉంటయి. అవి తప్ప ఇంకే రంధ్రమూ ఉండొద్దు. లప్పం పెట్టి పూడ్చినవి, పుల్ల కొట్టి మూసినవి, రంపంతో ఎత్తి పెద్దది చేసినవి కనిపిస్తే ఆ బోర్డుకు ఆ మోటారు తర్వాత వచ్చిందని. తర్వాత కీ హ్యాండిలు దూరే ఇరుసు. సూట్‌కేసు తీరు పోర్టబుల్ మిషను మోటారు చిన్నది, దాని ఇరుసు పెద్ద పెట్టె గోడదాకా అందదు. అందుకని ఒక ముక్క వెల్డింగు చేసి పొడుగు చేస్తరు. ఆ అతుకు చూడంగనే తెలుస్తది, హ్యాండిలు తిప్పితే రంధ్రంలో అటూ ఇటూ ఊగుతది కూడా.

స్ప్రింగు డబ్బా ఒకటా రెండా చూడండి. ఒకే చిన్న స్ప్రింగున్న పోర్టబుల్ మోటారు పది అంగుళాల రికార్డు ఒక వైపు, అంటే సుమారు 3 నిమిషాలు లాగడానికి సరిపోతది. పన్నెండు అంగుళాల రికార్డు ఒక వైపు 4 నిమిషాల పైన ఉంటది, దానికి నడుమ మళ్లీ కీ తిప్పాల్సి రావచ్చు. గవర్నరులో సాధారణంగా మూడు గుండ్లు, మూడు సన్న పట్టీ స్ప్రింగులు ఉంటయి. మూడూ ఒక్కతీరుగా ఉండాలి. ఒక పట్టీ మందంగా, రెండు పల్చగా ఉంటే వేగం ఊగుతది, పాటలో అలల తీరు వినిపిస్తది.

వేగం కొలవడం సులువు. రికార్డు కింద ఒక కాయితం ముక్క అంచు దాటేటట్టు పెట్టండి, ముల్లు పెట్టండి, ఫోనులో 60 సెకన్లు చూసుకుంటూ ఆ ముక్క ఎన్నిసార్లు మీ ముందుకు వచ్చిందో లెక్కబెట్టండి. 78 రావాలి. ఒకటి రెండు తేడా వస్తే వేగం స్క్రూ తిప్పి సరిచెయ్యొచ్చు. పాట మొదట్లో ఒకసారి, ఆఖరి నిమిషంలో ఒకసారి లెక్కబెట్టాలి. మీరు చెప్పిన సాగదీత అక్కడ బయటపడతది.


జవాబు 2: ఇత్తడి_రేకు (జనగామ)

మోటారు సంగతి పైన చెప్పారు. నేను బాకా గురించే చెప్తాను.

పూరేకుల బాకాల్లో అసలువి చాలావరకు ఇనుప రేకువే, పైన నలుపో, ఎరుపో, నీలమో రంగు. నున్నటి చిన్న ఇత్తడి బాకాలు తొలి మిషన్లకు ఉన్నాయి, ఇతర కంపెనీలవీ కొన్ని ఉన్నాయి. అందుకే ఇత్తడి అయినంత మాత్రాన నకిలీ అనకండి. ఇత్తడిలో పెద్ద పూరేకుల బాకా అయితే మాత్రం కొత్తది అయ్యే అవకాశమే ఎక్కువ.

అయస్కాంతం పెట్టండి. ఇత్తడికి అంటదు. ఇత్తడి మెరుపుండి అయస్కాంతం పట్టుకుంటే ఇనుము మీద పూత. రంగు వేసిన బాకాకు పట్టుకుంటే అది మంచి గుర్తే.

తర్వాత రేకు రేకుకూ మధ్య అతుకు. ఫ్యాక్టరీ బాకాలో ఒక రేకు అంచును పక్క రేకు అంచు మీదికి మడిచి నొక్కుతారు, బయట వైపు సన్నగా నిలువు గట్టు వస్తుంది, ఆ గట్టు నోటి నుంచి మెడ దాకా ఒకే మందంలో దిగుతుంది. కొత్త వాటిలో అంచులను పక్కపక్కన పెట్టి మాటు (లోహం కరిగించి అతుకు) వేస్తారు. టార్చి లోపలికి వేసి మెడ దగ్గర చూడండి. మాటు కారి గడ్డకట్టిన బొట్లు, ఆకురాయి గీతలు అక్కడే దొరుకుతాయి. బయట పాలిష్ పెట్టి కప్పేస్తారు, లోపల మెడలోకి చెయ్యి పోదు కాబట్టి వదిలేస్తారు. బొటనవేలితో రేకు మధ్యలో నొక్కండి. రేకు లోపలికి పోయి టక్కున తిరిగి వస్తే చాలా పల్చన. పాట పెట్టినప్పుడు ఆ రేకే గిలగిలమని మోగుతుంది.

పాతదనం నిజంగా వచ్చిందా, తెచ్చిపెట్టారా అన్నది తెల్లగుడ్డతో తెలుస్తుంది. గుడ్డ తడిపి, బాగా పిండి, బాకా వెనక వైపు నాలుగుసార్లు రుద్దండి. కాలం పట్టించిన నలుపు అంత తేలిగ్గా ఊడదు. మందు పెట్టి తెచ్చిన పచ్చదనం పొడిలా గుడ్డకు అంటుతుంది. యాసిడ్ పెట్టిన ఇత్తడిలో ఇంకో గుర్తు ఉంటుంది, అక్కడక్కడ గులాబి ఎరుపు మచ్చలు. ఇత్తడిలోని జింకును యాసిడ్ తినేసి రాగి పైకి తేలడం వల్ల అవి వస్తాయి. నలుపు ఎక్కడ ఉందన్నది కూడా చూడండి. సహజంగా అయితే చెయ్యి తగిలే అంచులు తేటగా, చెయ్యి పోని మడతలు ముదురుగా ఉంటాయి. ఎక్కడ చూసినా ఒకటే రంగు ఉందంటే డబ్బాలో ముంచి తీసినదే.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన చోటు, బాకా మెడ, మోచేతి వంపు, ఆర్మ్ కలిసే జాగా. అసలు మిషనులో గాలిదారి సౌండ్‌బాక్సు దగ్గర సన్నగా మొదలై నోటి దాకా ఎక్కడా ఆగకుండా వెడల్పవుతూ పోతుంది. వంపు పోత పోసిన ముక్క, బాకా దానిలో కూర్చుని, తిప్పితే బిగుసుకుంటుంది. అతుకుల మిషనులో వంపు మామూలు ఇత్తడి గొట్టం, మొదటి నుంచి చివరి దాకా ఒకే లావు, బాకా దానిలో ఊరికే దూర్చి ఉంటుంది. బాకా ఊడదీసి, గొట్టం లోపలి వెడల్పు, బాకా మెడ లోపలి వెడల్పు స్కేలుతో కొలవండి. మధ్యలో మెట్టు ఉంటే శబ్దం అక్కడే తగిలి వెనక్కి కొడుతుంది, కింది స్వరాలు బయటికి రావు. మీకు వినిపించిన రేకు గొంతుకు ఇదొక కారణం అయి ఉండాలి.

ఇత్తడి మీద ఇంకా సందేహం ఉంటే ఫొటోలు కాదు, బాకానే పెంబర్తిలో రేకు పని చేసేవారి ముందు పెట్టండి. గ్రామఫోన్ వాళ్లు ముట్టుకోకపోయినా మాటు కొత్తదా పాతదా అన్నది చేతిలోకి తీసుకోగానే చెప్తారు.


జవాబు 3: కర్రపని_కరీంనగర్

చెక్క గురించి రెండు మాటలు. ఒకటి, చాలామంది ఓకు, మహాగని కాకపోతే నకిలీ అని రాస్తుంటరు. మన వాతావరణానికి తట్టుకుంటదని టేకు పెట్టెలు కూడా ఉన్నయి, టేకును చూసి కొట్టిపారెయ్యొద్దు. శీశం, మామిడి చెక్క అయితే అనుమానించుండ్రి. అడుగు పలక తప్పకుండా చూడాలె, పైన ఎంత ముస్తాబు చేసినా అడుగున కొత్త ప్లైవుడ్ కొడతరు. లోపలి చెక్క ముదురు రంగుల ఉండి, కోసిన అంచు మాత్రం పచ్చి రంగుల ఉంటే ఆ కోత ఈ మధ్యదే.

పాలిష్ పరీక్ష ఉన్నది, ఓనరును అడిగే చెయ్యాలె. పెట్టె అడుగున కనపడని చోట దూదితో ఒక చుక్క స్పిరిట్ పెట్టుండ్రి. పాత లక్క పాలిష్ అయితే అర నిమిషంల జిగటగ అయితది. స్పిరిట్‌కు ఏం కాకుంట గట్టిగ ఉంటే పైన కొట్టింది ఈ కాలం స్ప్రే. పెట్టె పాతదే, పాలిష్ మళ్లీ చేయించిండ్రు అన్నది కూడా కుదురుతది, అందుకే దీన్ని మిగతా గుర్తులతో కలిపి చూడాలె.

రెండోది, స్టార్ స్క్రూలు. ఫిలిప్స్ పేరుతోటి పేటెంటు అయి ఫ్యాక్టరీలల్లకు వచ్చింది 1930ల నడుమ. అంతకుముందటి మిషనుకు ఫ్యాక్టరీ నుంచి స్టార్ స్క్రూ రాదు. కని ఒకటి రెండు ఉంటే ఎవరో రిపేరుల వేసి ఉంటరు, దాన్ని పట్టుకొని నకిలీ అనుడు తప్పు. ఒక స్క్రూ విప్పి రంధ్రం చూసుడు మంచిది. చదును గాటు స్క్రూ, దాని తల కింద చెక్క మీద ముదురు గుండ్రటి మచ్చ, ఈ రెండూ కలిసి ఉంటే ఆ స్క్రూ అక్కడ చాన్నాళ్లుగ ఉన్నది. తల కింద చెక్క తేటగ ఉంటే ఈ మధ్యనే బిగించిండ్రు.

ఇంకొకటి చూడుండ్రి, ఇది ఎక్కువమంది పట్టుకోరు. బాకా బయటికి లేని బల్ల మిషన్లు ఉండేవి, బాకా పెట్టె లోపలే ఉండి ముంగట జాలీ నుంచో తలుపుల నుంచో పాట వచ్చేది. బాకా ఉంటే ధర ఎక్కువ పలుకుతదని వాటి వెనక గోడకు తొర్ర పెట్టి బ్రాకెట్టు బిగిస్తరు, ముంగటి జాలీని పలకతోటి మూస్తరు. లోపలికి టార్చి కొట్టి ముంగటి గోడ వెనక చూస్తే మూసిన తొర్ర కనపడతది. ఇట్ల చేసినంక అటు బల్ల మిషనూ కాదు, ఇటు బాకా మిషనూ కాదు. మంచి సామాను చెడగొట్టుడే. అసొంటిది కొనొద్దనే నా మాట.

మరి ఏం మారిస్తే అతుకు అనాలె? స్ప్రింగు, ముల్లు బిగించే స్క్రూ, సౌండ్‌బాక్సు రబ్బరు, పళ్లెం మీది గుడ్డ, కీ హ్యాండిలు, ఇవి అరిగిపోయేటివి, పోయేటివి. ఇవి మారినా మిషను అసలుదే. పెట్టె, మోటారు, బ్రాకెట్టు, ఆర్మ్, ఈ నాలుగింటికి ఒకదానికొకటి పొత్తు కుదరాలె. వీటిల రెండు బయటివైతే అది అతుకుల మిషనే, ఎవడెంత చెప్పినా.


ప్రశ్న వేసినవారు: కాజీపేట_పాతపాట

చాల థ్యాంక్స్ అన్నలు. పోయి చూసిన, బోర్డు లేపిండు. ఏమున్నయో ఉన్నట్టు రాస్తున్న.

పలక మీద 1904, హేస్ రెండూ ఉన్నయి. బోర్డుకు మోటారు బోల్టులు మూడు, వాడని రంధ్రాలు నాలుగు, లప్పం పెట్టినయి. మోటారుకు ఒకే స్ప్రింగు డబ్బా, కీ ఇరుసుకు వెల్డింగు. గవర్నరు గుండ్లు, పట్టీలు ఒక్కతీరుగ ఉన్నయి. తడిగుడ్డకు పచ్చపొడి అంటింది. అయస్కాంతం బాకాకు అంటలేదు. ఆర్మ్ గొట్టం మొత్తం ఒకే లావు. వేగం మొదట 78, ఆఖరి నిమిషంల 64. రికార్డు లేకుంట ఉత్త పళ్లెం తిప్పి చూస్తే ఆఖరుకు 74 వచ్చింది. సౌండ్‌బాక్సు మీద 5ఎ అని ఉన్నది, లోపల తెల్లటి లోహపు రేకు, దాని మీద గాడులు. ముల్లును లేబుల్ దాకా తీసుకపోతే సౌండ్‌బాక్సు పక్కకు మళ్లినట్టు కనపడుతున్నది. అది ఎంత మళ్లితే తప్పు? ఇప్పుడు 20కి ఇస్తనంటున్నడు.


జవాబు 1 మళ్లీ: స్ప్రింగు_గవర్నర్

పనిగట్టుకొని చూసొచ్చినందుకు సంతోషం. ఇది అతుకుల మిషనే. మోటారు, సౌండ్‌బాక్సు ఏదో పోర్టబుల్‌వి. మిగతాది కొత్తగా చేసిన పెట్టె, కొత్త గొట్టం, కొత్త బాకా.

సౌండ్‌బాక్సు గురించి. 5ఎ అంటే హెచ్ఎంవీ (హిజ్ మాస్టర్స్ వాయిస్) వాళ్లు 1920ల చివర తెచ్చిన రకం, అల్యూమినియం రేకుతో. అది అసలుదే అయి ఉండొచ్చు, కాని 1904 మిషనుకు పుట్టుకతో రాదు. ఆ కాలం సౌండ్‌బాక్సుల్లో ఉండేది అభ్రకం బిళ్ల. అభ్రకం అయితే వెలుతురుకు పెట్టి చూస్తే కొంచెం పొగ రంగులో, పొరలు విడిన చోట వెండి మబ్బు తీరు కనిపిస్తది. నడుమ ముల్లు కడ్డీ కొస చిన్న స్క్రూతో పట్టి ఉంటది, దాని చుట్టూ మైనం. కొత్త నకిలీల్లో ఆ కడ్డీని గమ్ముతో అతికిస్తరు, అది కదలదు. మీరు చూసిన 5ఎకు వెనక భాగం చూడండి. అది జింకు కలిసిన పోత లోహం అయితే, ఏండ్లు గడిస్తే ఉబ్బి సన్న పగుళ్లు ఇస్తది. వెంట్రుక మందం గీత ఉన్నా విప్పే ప్రయత్నం చెయ్యొద్దు, ముక్కలైతది. పగులు లేకుండా, లోపల రబ్బరు మాత్రమే గట్టిపడి ఉంటే మెత్తటి రబ్బరు వేసి బాగు చెయ్యొచ్చు. సౌండ్‌బాక్సు పనిచేస్తుందా లేదా అన్నదానికి, బాకా నోటి దగ్గర చెవి పెట్టి ఇంకొకరిని ముల్లును గోటితో అతి మెల్లగా తట్టమనండి. టక్ అని నిండుగా రావాలి. చిరచిరమని వస్తే రబ్బరు పోయింది, లేదా ఆర్మ్‌తో కలిసే చోట గాలి పోతున్నది.

ఆ పక్కకు మళ్లుడు కొలిచే తీరు ఇది. ముల్లును ఆఖరి గాడి దగ్గర ఉంచి, స్కేలును నడి ఇరుసు నుంచి ముల్లు మొన దాకా పెట్టండి. సౌండ్‌బాక్సు ముఖం ఆ స్కేలుకు మూలమట్టంగా, అంటే 90 డిగ్రీల మీద నిలవాలి. అంచు గాడి దగ్గర కూడా అట్లనే చూడండి. కొద్ది డిగ్రీల తేడా అసలు మిషన్లలోనూ ఉంటది. 15, 20 డిగ్రీలు మళ్లితే ముల్లు గాడి నడుమ పోకుండా ఒక గోడను ఒరుసుకుంటూ పోతది. రికార్డు మీద బూడిద రంగు పొడి రాలుతది, ఆ గోడ మీది పాట మళ్లీ రాదు. పక్క నుంచి చూస్తే ముల్లు రికార్డుకు సుమారు 60 డిగ్రీల వాలులో ఉండాలి. నిటారుగా నిలబడ్డ ముల్లు తవ్వుతది. కొత్తగా చేసేవాళ్లు ఆర్మ్ ఇరుసు ఎక్కడ ఉండాలో కొలవరు, పెట్టెలో జాగా ఎక్కడ ఉంటే అక్కడ బిగిస్తరు. మీ తాతల నాటి హరికథలు ఇసొంటి ఆర్మ్ కింద పెట్టొద్దని గట్టిగా చెప్తున్న. ఆ రికార్డులు మళ్లీ దొరకవు.

వేగం సంగతి. ఉత్త పళ్లెంతోనే 78 నుంచి 74కు పడ్డదంటే స్ప్రింగు బలం తగ్గింది, లేదా డబ్బాలో గ్రీజు గట్టిపడ్డది. రికార్డు పెడితే 64కు పడ్డదంటే ఆ తక్కువ బలానికి ముల్లు రాపిడి కూడా తోడైంది. కీ తిప్పేటప్పుడు లోపల దబ్ దబ్ అని కొట్టుకుంటే గట్టిపడ్డ గ్రీజులో స్ప్రింగు చుట్లు అతుక్కొని, జారి ఊడుతున్నయని. హ్యాండిలు ఎంత తిప్పినా బిగువే రాకపోతే స్ప్రింగు తెగినట్టు. డబ్బా విప్పి స్ప్రింగు తీసుడు తెలిసినవాళ్లే చెయ్యాలి, తోలు చేతొడుగులు లేకుండా అసలే వద్దు. పాత గ్రీజును కిరోసినుతో కడిగి, ఆరబెట్టి, గ్రాఫైట్ కలిసిన గ్రీజు పల్చగా రాస్తే సరిపోతది. డబ్బా నింపేటంత పెడితే బయటికి కారి గవర్నరు తోలు మీద పడ్డది అంటే వేగం నిలవదు.

20 వేలకు తీసుకోవాల్నా అంటే, నా లెక్కలో మోటారు, సౌండ్‌బాక్సు రెండే సామాన్లు. మిగతాది అలంకారం. మీకు కావాల్సింది వినడానికి కాబట్టి, ఎవరూ విప్పని మంచి పోర్టబుల్ వెతకండి. హెచ్ఎంవీ 102 మన దగ్గర ఇంకా దొరుకుతది, 1931 నుంచి చానా ఏండ్లు చేసిండ్రు. దాని బాకా పెట్టె లోపలే ఉంటది, ఆర్మ్ జ్యామితి ఫ్యాక్టరీది, కాబట్టి రికార్డు అరుగుడు తక్కువ. చూడడానికి ఇంత హడావుడి ఉండదు, గొంతు మాత్రం ఈ బాకా కన్నా చానా నిండుగా ఉంటది. దాంట్లో కూడా రెండు చూడాలి. పైన రెక్సిన్ కొత్తగా అంటించి ఉంటే మూలల దగ్గర కింద చెక్క చెదలు తిన్నదేమో గుచ్చి చూడండి. ఆర్మ్ మెడ దగ్గర పోత లోహానికి పగులు ఉందేమో చూడండి.


ప్రశ్న: అమెరికా_అల్లుడు

నడుమల వస్తున్న, మాఫ్ చెయ్యుండ్రి. ఇసొంటి మిషను కొని అక్కడున్న బిడ్డకు పంపియ్యొచ్చా?


జవాబు 3: కర్రపని_కరీంనగర్

నిజంగ 100 ఏండ్లు దాటిన కళా, చేతిపని వస్తువులు 1972 పురావస్తు చట్టం కిందికి వస్తయి, ప్రైవేటు మనిషి బయటి దేశానికి పంపరాదు. కొత్తగా చేసిందైతే పంపొచ్చు గని, పాతదిలెక్క కనపడేటట్టు చేసినయి కస్టమ్స్‌ల ఆపుతరు. పురావస్తు శాఖ నుంచి ఇది పురావస్తువు కాదన్న సర్టిఫికెట్ తీసుకొని పంపుడే దారి. అమ్మేటోడు "ఎక్స్‌పోర్ట్ పీసు, 120 ఏండ్లది" అని రెండు మాటలు కలిపి చెప్తే రెంటిల ఒకటి అబద్ధమే.


జవాబు 4: అరిగిన_ముల్లు (మంచిర్యాల)

కాజీపేట అన్నా, మిషను ఏది తీసుకున్నా మీ మంచి రికార్డుతో పరీక్ష చెయ్యకండి. గీతలు పడ్డ, అందరి దగ్గర ఉన్న సినిమా రికార్డు ఒకటి వెంట తీసుకుపోండి. ప్లాస్టిక్ ఎల్పీ గాని, 45 చుట్ల రికార్డు గాని అసలే పెట్టొద్దు, గాడి సన్నం, సౌండ్‌బాక్సు బరువుకు మొదటిసారే పోతుంది.

స్టీలు ముల్లు ఒక్క వైపుకు ఒక్కటి. పొదుపు చెయ్యకండి. 78 రికార్డు లక్కలో రాతిపొడి కలిపి ఉంటుంది, మొదటి కొన్ని చుట్లలోనే అది ముల్లు మొనను గాడి ఆకారానికి అరగదీస్తుంది. పాట అయిపోయేసరికి మొనకు చదును అంచులు వస్తాయి. అదే ముల్లును రెండో పాటకు పెడితే ఆ అంచు కత్తిలా గాడిని చెక్కుతుంది. దుకాణంలో బిగించి ఉన్న ముల్లు ఎన్ని పాటలు వాయించిందో ఎవరికీ తెలియదు, అందుకని మీ దగ్గర ఒక కొత్త ముళ్ల డబ్బా ఉంచుకుని, మొదట పాతది తీయించి కొత్తది బిగించండి. కొన్నిసార్లు ఒక్క ముల్లు మారిస్తేనే గొంతు బాగుపడుతుంది, అప్పుడు మిషను గురించి మీ అంచనా మారుతుంది. సన్నటి మొనవి పాట మెల్లగా వినిపిస్తాయి, లావు మొనవి గట్టిగా. హరికథలకు, పద్యాలకు మధ్యరకం చాలు.

రికార్డులు వాయించే ముందు మెత్తటి పొడి బ్రష్షుతో గాడుల వెంట గుండ్రంగా తుడవండి. మరీ మురికిగా ఉంటే నీళ్లలో ఒక చుక్క వంటపాత్రల లిక్విడ్ వేసి, గుడ్డ తడిపి తుడిచి, లేబుల్ తడవకుండా నీడలో ఆరబెట్టండి. స్పిరిట్, శానిటైజరు దగ్గరికి కూడా రానివ్వొద్దు, లక్క కరిగిపోతుంది. పైన కరీంనగర్ అన్న చెప్పిన స్పిరిట్ చుక్క పెట్టె అడుగుకే. ఆ పరీక్ష చేసిన చేతులు కడుక్కున్నాకే రికార్డు పట్టుకోండి.